కాలవేగము

నిన్న మొన్ననే ఉగాది పచ్చడి తిన్నట్లున్నది, అంతలోనే దీపావళి వచ్చినదా యని పెద్దలు ఆశ్చర్యపడుట మనము ప్రతి సంవత్సరము వినుచున్న మాటయే. నలుబదియేండ్లు దాటినవారిలో ఈ మాట అననివారు అరుదు. బాల్యమున ఒక వేసవి సెలవు ఒక యుగమువలె నుండెడిది. ఇప్పుడన్ననో వేసవులు ఎప్పుడు వచ్చినవో, ఎప్పుడు పోయినవో తెలియుట లేదు. ఆవకాయ జాడి అడుగంటినప్పుడు గాని ఏడాది తిరిగినదని ఇంటివారికే తోచుట లేదు. ఇది వయోధర్మమని కొందరును, కలిధర్మమని కొందరును సరిపెట్టుకొనుచున్నారు. ఏ ధర్మమునైనను విచారింపకయే సరిపెట్టుకొనుట మన జాతికి చిరకాలముగ పట్టిన జాడ్యము. ఈ విషయమునందైనను కొంత విచారించి చూతము.

గడియారపు ముల్లు పదేండ్ల బాలునికొక విధముగను అరువదేండ్ల వృద్ధునికొక విధముగను తిరుగదు. సూర్యుడు ఎవని వయస్సును అడిగి ఉదయింపడు. కనుక మారినది కాలము కాదు. కాలమును పట్టి నిలుపుకొను మన లోపలి యంత్రము. ఆ యంత్రమెట్టిదో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. భాగ్యనగరమున జూబిలీకొండల దిగువనున్న రహమత్ నగర్ వరకు వచ్చిన చాలును.

తెలుగువారికి కాలమును కొలుచుటకు అరువదేండ్ల చక్రమొకటి గలదు గదా. 2025 ఉగాదినాడు విశ్వావసు ప్రవేశించెను. అంతకు పూర్వపు విశ్వావసు 1965లో వచ్చినది. ఆనాడు మన చలనచిత్రములు చాలవరకు మదరాసులోనే తయారగుచుండెను. హైదరాబాదున అమీరుపేట ప్రక్కన 1956లోనే సారథీ స్టూడియో వెలసినను, దానికి పడమట నున్న కొండలపై బండలును పొదలును తప్ప చెప్పుకొనదగిన జనావాసము స్వల్పము. ఆ బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంతకాలము కదలకున్న బండలను మనము ఒక్క విశ్వావసునుండి మరియొక విశ్వావసువరకు పగులగొట్టి మేడలు కట్టితిమి. 1976లో అన్నపూర్ణా స్టూడియో ప్రారంభమైనది. ఆపై పదునైదిరువదేండ్లలో చిత్రపరిశ్రమ మదరాసును విడిచి క్రమముగ ఈ కొండలకు తరలివచ్చెను. పైన ఫిల్ముననగరు, జూబిలీహిల్సులలో నాయకులును నిర్మాతలును నిలిచిరి. దిగువన కృష్ణానగరు, యూసుఫ్‌గూడ, రహమత్ నగర్ ఇరుకు సందులలో ఆ పరిశ్రమకు కాలుసేతులైనవారు నిలిచిరి. లైట్లు మోయువారు, సెట్లు కట్టువారు, వాహనములు నడుపువారు, గుంపులో ఒకరై నిలబడి కెమేరాకు వీపు మాత్రము చూపు చిన్న వేషగాండ్రు ఈ వాడలలో నివసించుచున్నారు. 2019 మార్చిలో అమీరుపేటనుండి హైటెక్ సిటీవరకు మెట్రో నడచినది. యూసుఫ్‌గూడ స్టేషనులో రైలెక్కినవాడు కొన్ని నిమిషములలో కొండ దాటుచున్నాడు. ఇంత వేగముగ మారిన ప్రదేశమున ఉన్నవారికి కాలము పరుగెత్తినట్లు తోచుటలో వింత లేదు.

అయితే మేము చెప్పదలచినది ఈ మార్పును గూర్చి కాదు. ఆ వాడలోని ఏ కెమేరా సహాయకునికైనను తెలిసిన ఒక చిన్న రహస్యమును గూర్చి. తెరపై ఒకడు మెల్లగా పరుగెత్తుట, నీటిబిందువు మెల్లగా జారుట చూచునప్పుడు ప్రేక్షకుడు తెరకు బొమ్మను పంపు యంత్రమే మెల్లగా తిరుగుచున్నదని భ్రమపడును. అది నిజము కాదు. ఆ యంత్రమెప్పుడును సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తన మానాన తాను తిరుగుచునే యుండును. తేడా యంతయు బొమ్మ తీసిన నాడే జరిగినది. ఆనాడు కెమేరా సెకనుకు 24కు బదులు 48 ఫ్రేములను పట్టినది. అట్లు పట్టిన ఒక్క సెకను తెరపై రెండు సెకనులై సాగును. 96 పట్టిన నాలుగు సెకనులగును. మాటలు లేని చిత్రముల కాలమున కెమేరాను చేతితో త్రిప్పెడివారు. త్రిప్పువాని చేయి వేగపడినకొలది తెరపైని మనుష్యుడు నెమ్మదించెడివాడు. లోపలికి ఎక్కువ తీసికొన్నప్పుడే బయటికి కాలము విస్తరించును. తక్కువ తీసికొన్నచో తెరపైని మనుష్యులు పిచ్చిపట్టినట్లు పరుగులు తీయుదురు. హాస్యచిత్రములలో ఆ వికారమునే మనము చూచి నవ్వుకొనుచుంటిమి.

మన బాల్యము సెకనుకు 96 ఫ్రేములు పట్టిన కాలము. చీమలబారు, వడగండ్లు, కొత్త పలకపై బలపపు గీత, రాత్రి ప్రయాణములో రైలు కిటికీ, మొదటిసారి చూచిన సముద్రము, ఇవి యన్నియు కొత్తవే గనుక బాలుని కన్ను దేనిని విడువలేదు. నలుబదియవ యేట మన కన్ను ఏమి చేయుచున్నది? మేల్కొనుట, కాఫీ, స్నానము, దారి, ఆఫీసు, దారి, భోజనము, నిద్ర. నిన్నటి బొమ్మయే నేటికిని చాలునని యెంచి యంత్రము కెమేరాను ఆపివేయుచున్నది. ఒక్క పనిదినపు ముద్రను 300 దినములకు వాడుకొనుచున్నది. సంవత్సరాంతమున వెనుదిరిగి చూచినచో ఏమియు కనబడదు. కనబడనందున సంవత్సరమే గడువలేదని భ్రమ.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 1877లో పాల్ జానే అను ఫ్రెంచి తత్త్వవేత్త దీనికి ఒక గణితము చెప్పెను. పదేండ్ల బాలునికి ఒక సంవత్సరము తన జీవితములో పదియవ వంతు. ఏబదేండ్లవానికి ఏబదియవ వంతు. కావున అది కుఱుచగ తోచుట సహజమని యాతని వాదము. ఇది నిజమైనచో మనము చేయగలిగినది లేదు. భిన్నము నానాటికి చిన్నదగుచునే యుండును. అమెరికా దేశపు విలియం జేమ్సు 1890లో ప్రకటించిన తన మనశ్శాస్త్ర గ్రంథమున ఈ లెక్కను ప్రస్తావించి, ఇది జరుగుచున్న విషయమును వర్ణించునే గాని కారణమును చెప్పదని త్రోసివేసెను. వయస్సుతో అనుభవములు ఒకదానివలె నొకటియై, అలవాటుగ మారి, జ్ఞాపకమున పోగుపడకుండుటయే అసలు కారణమని ఆయన యభిప్రాయము. మాకు జానే కంటె జేమ్సు మాటయే సమంజసముగ తోచుచున్నది.

ఇటీవలి పరిశోధనలు ఈ అభిప్రాయమునే బలపరచినవి. 2005లో విట్మన్, లేన్‌హాఫ్ అను ఇరువురు 14 మొదలు 94 ఏండ్ల వయస్సుగల 499 మందిని ప్రశ్నించిరి. గడచిన వారము, గడచిన నెల, గడచిన సంవత్సరము ఎట్లు గడచినవని అడిగినప్పుడు పిన్నలును పెద్దలును ఇంచుమించు ఒకే రీతిని, త్వరగా గడచినవనియే చెప్పిరి. గడచిన పదేండ్లను గూర్చి అడిగినప్పుడు మాత్రమే వయస్సునుబట్టి భేదము కనబడినది; అదియు మిక్కిలి పెద్దది కాదు. అనగా ముసలితనమునకు మనము మోపుచున్న నేరములో చాలభాగము తొందరది, అలవాటుది. 2007లో మరికొందరు శాస్త్రజ్ఞులు మనుష్యులను 31 మీటర్ల ఎత్తునుండి వలలోనికి జారవిడచి పరీక్షించిరి. పడినవారందరును తాము పడుచున్న సమయమును ఇతరులు పడిన సమయముకంటె సగటున 36 శాతము ఎక్కువగ అంచనా వేసిరి. అయితే పడుచున్న క్షణమున వారి కన్ను అధికవేగముతో చూడలేదని కూడ తేలినది. విస్తరించినది క్షణము కాదు. భయమువలన ఆ క్షణము మిగిల్చిన జ్ఞాపకము దట్టమైనది. రహమత్ నగర్ కెమేరా సహాయకుడు చెప్పినదే పడమటి శాస్త్రజ్ఞుడును చెప్పెను. వలలో దూకకయే ఆ దట్టతనమును సంపాదించు మార్గము గలదా యనునదే మన ప్రశ్న.

మన పూర్వులు ఈ చిక్కును ఎరుగక పోలేదు. భాగవతమున రైవతుడను రాజు తన కుమార్తె రేవతికి వరుని నిర్ణయించుటకు ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అచ్చట గంధర్వుల గానము జరుగుచుండుటచే ముగియువరకు క్షణకాలము నిలిచెను. అంతలో భూలోకమున 27 మహాయుగములు గడచినవి. అతడు మనసులో పెట్టుకొనిన వరుల మనుమల పేర్లుకూడ వినబడుట లేదు. పాటలో లీనమైనవానికి కాలము తెలియదనుట మన కథకుడు ఇంత పెద్ద అంకెతో చెప్పెను. యయాతి కథ దీనికి వ్యతిరేకదిశను పోవును. కుమారుని యౌవనమును అరువు తెచ్చుకొని వేయి సంవత్సరములు భోగించినను అతనికి చాలలేదు. అచ్చతెలుగున మొదటి కావ్యమైన యయాతి చరిత్రమును పొన్నిగంటి తెలగన్న వ్రాసి గోలకొండ రాజ్యమునకు చెందిన పటాన్‌చెరువు అమీన్‌ఖానునకు అంకితమిచ్చెను. ఈ వేయేండ్ల అతృప్తిని తెలుగున పాడించుకొనినవాడు నేటి రహమత్ నగర్‌కు ఒక్క పూట ప్రయాణపు దూరములో కాపురముండినవాడే. వేయేండ్లు చాలనివానికి మరి వేయి యిచ్చినను చాలవు. యయాతికి కొదువైనవి సంవత్సరములు కావు.

మన పెద్దల కాలమానములో మరియొక విశేషము గలదు. దినమునకు 60 ఘడియలు; ఘడియ 24 నిమిషములు. ఘడియకు 60 విఘడియలు. విఘడియ 24 సెకనులు. విఘడియకు ఆరు శ్వాసల చొప్పున దినమునకు 21,600 శ్వాసలు. సెకనుకు 24 ఫ్రేములు కదలు చలనచిత్రమునకును, 24 సెకనుల విఘడియకును సంబంధమేమియు లేదు. అది కేవలము కాకతాళీయము. ఐనను సినిమావారి లెక్కలో ఒక శ్వాసకు 96 ఫ్రేములు పడును. రెండున్నర గంటల చిత్రములో 2,16,000 ఫ్రేములుండును, అనగా మనుష్యుడు పది దినములలో తీయు శ్వాసలన్ని. అంకెలతో ఆడుకొనుట జ్యోతిష్కుల దుర్గుణమని మేము ఎరుగుదుము. కాని శ్వాసను కాలమునకు కొలతగ పెట్టిన వారు, ఆ కొలబద్దను మనుష్యుని ఇంటిలోనే, ముక్కుచెంతనే ఉంచిరి. చేతికి కట్టుకొనుటకు ఇచ్చియుండలేదు.

పొలముగల పాఠకులకు ఇంకను దగ్గరి నిదర్శనమొకటి చెప్పవచ్చును. ఉద్యోగస్థునికి సంవత్సరములో 12 జీతపు దినములు. అవి వచ్చినప్పుడు మాత్రమే అతడు కాలమును తలచును. కృషీవలునికి 27 కార్తెలు. పదమూడు, పదునాలుగు దినములకొకసారి ఆకాశము మారును, నేల వాసన మారును, చేయవలసిన పని మారును. రోహిణిలో రోళ్లు పగులునని యనుకొనుచు చెట్టునీడను వెదకును. మృగశిర ప్రవేశించిననాడు చేపలకూర తిని వాన కొరకు ఎదురుచూచును. ఆరుద్రపురుగు ఎఱ్ఱని మఖమలువలె నేలపై ప్రాకిననాడు పిల్లలు దానిని అరచేతబట్టి చూతురు. మఖలో కురిసెనా, పుబ్బలో తేలిపోయెనా, ఉత్తర మొగము త్రిప్పెనా యని పెద్దలు తర్కింతురు. ఇట్టివానికి సంవత్సరమున 27 గుర్తులు పడినవి. పట్టణవాసి సంవత్సరమున పడినవి 12 మాత్రమే. వానిలోను బ్యాంకు సందేశము తప్ప మరేమి గలదు? పల్లెటూరి వృద్ధునికి తన యిరువదియవ యేటి గాలివాన నిన్నటివలె జ్ఞప్తియుండి, పట్టణపు ఉద్యోగికి గడచిన శ్రావణము ఎట్లుండెనో జ్ఞప్తి లేకుండుటకు ఇది యొక కారణము. ఇప్పుడు గొట్టపుబావి నీటితో, కౌలుకిచ్చిన పొలముతో, నగరమున కొనిన ఇంటితో మన భూవసతిగలవారును కార్తెలను మరచుచున్నారు. పంచాంగము గోడకు వ్రేలాడుచున్నది. మంచి ముహూర్తమునకు తప్ప దానిని తిరుగవేయువారు లేరు.

అట్లయిన కొత్త అనుభవముల కొరకు దేశాటనము చేయుదమని ధనవంతులు బయలుదేరుచున్నారు. చేయవచ్చును, తప్పు లేదు. కాని కాశ్మీరము పోయినవాడు మంచును కన్నులతో గాక చేతిలోని ఫోనుతో చూచుచున్నాడు. వేయి ఛాయాచిత్రములు ఫోనులో పడినవి. తలలో పడినవి నాలుగు. తిరిగివచ్చిన తరువాత ఆ వేయింటిని తెరచి చూచినవాడును లేడు. మెట్రోలో కూర్చున్న వారిని చూడుడు. దుర్గముచెరువు చెంత రైలు సాగునప్పుడు సాయంకాలపు కాంతి నీటిపైని పరచుకొనును. బోగీలో తలయెత్తినవారిని వేళ్లతో లెక్కించవచ్చును. అర నిమిషపు బొమ్మలు ఒకదాని వెనుక నొకటి వ్రేలి క్రింద జారిపోవుచుండును. స్టేషను వచ్చుసరికి చూచినవానిలో ఒక్కటియు జ్ఞప్తి యుండదు. కాలమును ఇంత చవుకగ అమ్ముకొనిన తరము మరియొకటి లేదని మా నమ్మకము.

కొత్తదనము లేని చోటను కెమేరాను నడుపవచ్చుననుటకు మన ఆంధ్రుని జీవితమునుండియే నిదర్శనము గలదు. 1942 ఆగష్టులో జాతీయనాయకులను అహమ్మదునగరు కోటలో బంధించిరి. వారిలో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారొకరు. దాదాపు మూడేండ్లు అవే గోడలు, అవే ముఖములు, అదే ఆవరణము. ఇట్టిచోట దినము సాగదు; కాని వెనుదిరిగి చూచినప్పుడు మూడేండ్లు ఒక్క పూటగ మాయమగును. చెఱసాలకు పోయివచ్చినవారందరికి ఈ వైచిత్ర్యము తెలియును. పట్టాభిగారు అట్లు మాయము కానీయలేదు. ఆ కోటలోని నిత్యజీవితమును, తోచిన తలపులను దినదినము వ్రాసిపెట్టుకొనిరి. ఆ వ్రాతలు 1946లో ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ అను పేరున ఆంగ్లమున గ్రంథముగ వెలువడినవి. పేరులోనే ఈకలు, రాళ్లు. ప్రభుత్వము ఆయననుండి తీసికొనిన దినములను ఆయన ఒక కలముతో తిరిగి రాబట్టుకొనిరనుట అతిశయోక్తి కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లిని వేలూరు చెఱలో వ్రాసిరన్న సంగతి పాఠకులకు తెలిసినదే. అది మహత్కార్యము, అందరికి సాధ్యము కాదు. పడుకొనబోవుటకు ముందు ఆ దినము చూచినదానిని నాలుగు పంక్తులు వ్రాయుట అందరికి సాధ్యము. ఎవరు వచ్చిరి, ఏ కూర వండిరి, ఏ చెట్టు పూచినది, పిల్లవాడు ఏమి ప్రశ్నించెను. అంతమాత్రమే. పూర్వము మన గృహస్థులు జమాఖర్చుల పుస్తకమున ‘బావగారు వచ్చినప్పుడు పెసలు కొన్నది’ యని వ్రాసెడివారు. ఆ చిట్టాపుస్తకములను ఇప్పుడు చదివినచో ఆనాటి ఇల్లంతయు కన్నులయెదుట నిలుచును.

ఇంతవరకు చెప్పినది తీరికగలవారికి. ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును, అది న్యాయమైనది. క్షణమును ఆస్వాదింపుమని రహమత్ నగర్ కూలికి ఉపదేశించుటకు మనకు హక్కేమి? తెల్లవారకముందే అతడు కృష్ణానగరు కూడలిలో వాహనము కొరకు నిలుచును. అతని దినము కాల్షీటు అను పేరున అమ్ముడుపోయినది. సెట్టునకు చేరిన తరువాత పనియైన ఉండునా యన్న, చాలవరకు నిరీక్షణమే. నాయకుడు రావలెను, మేకప్పు ముగియవలెను, మేఘము తొలగవలెను, లైటు మార్చవలెను. దినమంతయు కష్టించినను తెరపై నిలుచునది రెండుమూడు నిమిషములైన గొప్ప. ఆ రెండు నిమిషముల కొరకు వందమంది తమ పన్నెండు గంటలను ధారవోయుదురు. ఇంటికి చేరునప్పటికి పిల్లలు నిద్రించియుందురు. అట్టివాడు తన బిడ్డ మొదటి అడుగును చూడలేదన్నచో తప్పు అతని ఏమరుపాటుదా? 2025 ఆగష్టులో తెలుగు చలనచిత్ర కార్మికులు 30 శాతము వేతనవృద్ధి కోరి సమ్మె చేసిరి. రెండు వారములకు పైగా చిత్రీకరణములు నిలిచిపోయినవి. అప్పుడు కూలితోపాటు పనిగంటల లెక్కయు వివాదమైనది. దినములో ఎన్ని గంటలు యజమానివి, ఏ గంటనుండి అవి మొదలగును, అను తగవు పైకి శుష్కముగ తోచును; కాని దానిలో ఒక తండ్రి తన బిడ్డను మేల్కొనియుండగా చూచుట చూడకుండుట యిమిడియున్నది. కార్మికశాఖ మధ్యవర్తిత్వమున రాజీ కుదిరినది, సంతోషమే. ఆ రాజీని చిత్తశుద్ధితో అమలు పరచుటలో నిర్మాతలు ఉదాసీనులు కాకుందురు గాక.

ఈ విషయమున నిర్మాతలను మాత్రమే నిందించిన లాభము లేదు. మనలో పెద్దమనుష్యులనబడువారికి ఇతరులను నిలువబెట్టుట ఒక మర్యాదగ అలవాటైనది. తహసీలుదారు కచేరియెదుట రైతు చెప్పులు విడచి ఉదయమునుండి కూర్చుండును. కౌలుదారు లెక్క చూచుకొనుటకు వచ్చి భూస్వామి నిద్ర లేచువరకు అరుగుపై వేచియుండును. సభకు మంత్రి రెండు గంటలాలస్యముగ వచ్చును; అంతవరకు బడిపిల్లలు ఎండలో జెండాలు పట్టుకొని నిలుతురు. పనిమనిషిని ఆరు గంటలకు రమ్మని, మనము ఏడింటికి తలుపు తీయుదుము. ఒకని ధనమును అడుగక తీసికొనినచో దొంగతనమందుము. ఒకని పూటను అడుగక తీసికొనినచో హోదా యందుము. తన క్షణములు ఎట్లు జారిపోవుచున్నవో యని నిట్టూర్చు గృహస్థుడు, తన గుమ్మమున నిలిచినవాని క్షణములను ముందు లెక్కించుట యుక్తము. రహమత్ అనగా దయ. ఆ పేరు ధరించిన వాడలోనివారు మననుండి మొదట కోరునది అదియే, వేళకు పని ముగించి విడచుట.

నిరీక్షణలోను ఆ జనము ఊరకుండరనునది వేరు సంగతి. సెట్టు బయట ప్లాస్టికు కుర్చీలపై, గోడనీడలలో కూర్చుండి వారు చెప్పుకొను కబుర్లలో, ఒక చిన్న గ్లాసు టీని ఇద్దరు పంచుకొని త్రాగుటలో ఉన్న తృప్తి, పైకొండ మేడలలోని భోజనశాలలో అరుదు. బోనాల దినములలో ఆ సందులలో తలపై ఘటము పెట్టుకొని స్త్రీలు నడచునప్పుడు, రంజాను సాయంకాలము ఉపవాసము విడచు వేళ ప్రక్కింటివారికి పళ్లెము పంపునప్పుడు, ఆ వాడ కాలమును గడియారముతో కొలువదు. పేదరికమును పొగడుట మా యుద్దేశము కాదు. ఇరుకు గదిలో ఆరుగురు నిద్రించుటలో రసమేమియు లేదు. పంచుకొనిన పూట జ్ఞాపకమున నిలుచునని మాత్రము మేము గమనించితిమి. పంచుకొనని పూటకు సాక్షి యుండడు. సాక్షి లేని పూటను మనమే మొదట మరచెదము.

ఈ కొండలకు చిత్రపరిశ్రమను తెచ్చినవారిలో అగ్రగణ్యులైన అక్కినేని నాగేశ్వరరావుగారి కడపటి నెలలు ఇచ్చట స్మరింపదగినవి. 1941లో ధర్మపత్ని చిత్రమున చిన్నవేషముతో మొదలిడి ఏడు దశాబ్దములకు పైగా నటించినవారు ఆయన. 2013 అక్టోబరులో విలేఖరులను పిలిచి తనకు క్యాన్సరు సోకినదని తానే స్వయముగ చెప్పిరి. దాచిపెట్టుట, సానుభూతిని యాచించుట రెండును లేవు. అప్పటికి కుమారునితోను మనుమనితోను కలిసి మనము అను చిత్రములో నటించుచుండిరి. తరములు మారినను మనుష్యులు మరల కలిసికొనుట ఆ చిత్రపు కథ. మిగిలిన దినములు కొద్దియేయని తెలిసినవాడు వానిని దేనికి వెచ్చించును? ఆయన దేశాటనమునకు పోలేదు. నిత్యము చేసిన పనికే, అదే వేషము, అదే సంభాషణకే పోయిరి. శస్త్రచికిత్స తరువాత లేవలేని స్థితిలో ఇంటనే శయ్యపైనుండి తన పాత్రకు తానే గాత్రమిచ్చిరని కుటుంబమువారు తెలిపిరి. వాక్యము వాక్యముగ, శ్వాస కూడదీసికొని, తెరపై తన పెదవి కదలికకు మాట కుదురునంతవరకు. 2014 జనవరి 22న ఆయన గతించిరి. చిత్రము మే 23న విడుదలయ్యెను. నాలుగు నెలల క్రిందట ఆగిన గొంతు, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, నిదానముగనే వినబడినది.